చూపు బాగుందన్నారు, మరి ఎదురొచ్చే బండి అంచనా ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. గవర్నమెంటు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మా, ఆయనా గుంటూరు జిల్లాలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో ఉంటాను. రెండు నెలల కిందట ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, కుడి కంటికి ఇంకా కాలేదు. "చార్టులో కింది లైను దాకా చదివేస్తున్నారు, చూపు బ్రహ్మాండంగా ఉంది" అన్నారు డాక్టరు. కానీ ఆపరేషన్‌కి ముందుకంటే ఇప్పుడే రోడ్డు మీద ఎక్కువ తడబడుతున్నారు. వచ్చే బండి ఎంత దూరంలో ఉందో తెలియట్లేదంటున్నారు. మొన్న స్కూటర్ మీద కుడివైపు తిరగబోతూ ఒక బైకుకి అడ్డం వెళ్లారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. "వాడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో" అని ఆయన అంటున్నారు, "మతి తప్పుతోంది" అని అమ్మ అంటోంది. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు దగ్గర కాలితో తడుముకుంటున్నారు. వచ్చే వారం చెకప్ ఉంది. స్కూటర్ తాళాలు తీసేసుకోవాలా? ఆయన ఒప్పుకోరు.

సమాధానం: ముందు తాళాల సంగతి చెప్పేస్తాను, మీ అసలు టెన్షన్ అదే కాబట్టి. కుడి కంటికి కూడా ఆపరేషన్ అయి, రెండు కళ్లకీ సరిపడే అద్దాలు వచ్చేదాకా మీ నాన్నగారు స్కూటర్ తీయకూడదు. ఇందులో బేరాల్లేవు. అయితే తాళాలు లాక్కోవద్దు, బీరువాలో దాచొద్దు. ఏళ్ల తరబడి బండి నడిపిన మనిషి దగ్గర కారణం చెప్పకుండా తాళాలు తీసుకుంటే ఆయనకి అవమానంగా ఉంటుంది, మీరు హైదరాబాద్ బస్సెక్కగానే డూప్లికేటు తాళం బయటికి వస్తుంది. ఆయన సైన్సు మాస్టారు, సరైన కారణం చెబితే ఆలోచించే మనిషే అయ్యుంటారు. ఆ కారణం మీ చేతికివ్వడానికే ఈ పొడుగాటి జవాబు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించినది "ఆపరేషన్‌కి ముందుకంటే ఇప్పుడే" అన్న మాట. ఇలా చెప్పేవాళ్లని ఇంట్లో ఎవరూ నమ్మరు. డబ్బు పెట్టి ఆపరేషన్ చేయించాం, చార్టు చదువుతున్నారు, ఇంకేం కావాలి అంటారు. చార్టు అబద్ధం చెప్పదు నిజమే, కానీ అది అడిగే ప్రశ్న ఒకటే: మంచి వెలుతురులో, నిలకడగా ఉన్న నల్లటి అక్షరం తెల్లటి అట్ట మీద ఎంత చిన్నదైతే గుర్తుపట్టగలరు? రోడ్డు మీద అక్షరాలుండవు. ఆ వస్తువు కదులుతోందా, ఎటు, ఎంత జోరుగా, ఇప్పుడు ఎక్కడుంది, నా దగ్గరికి ఎప్పుడొస్తుంది, ఇవీ ప్రశ్నలు. వీటికి జవాబు కంటిగుడ్డులో కంటే మెదడులో ఎక్కువ తయారవుతుంది, అందుకు వేరే భాగాలు పనిచేస్తాయి. ఒకటి బాగుండి రెండోది బాగా లేకపోవడం పూర్తిగా సాధ్యం.

దీనికి వైద్యశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. మెదడు దెబ్బతిన్న ఒక మహిళ గురించి జర్మనీలో మ్యూనిక్ పరిశోధకులు 1983లో రాశారు, వ్యాసాల్లో ఆమెని ఎల్.ఎం. అనే పిలుస్తారు. ఆమె చక్కగా చదవగలదు, రంగులు గుర్తుపట్టగలదు, కానీ కదలిక కనపడదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలిచి ఉండేది, కప్పు ఎప్పుడు నిండిందో తెలిసేది కాదు. రోడ్డు దగ్గర కారు మొదట దూరంగా ఉన్నట్టుండేది, దాటబోయేసరికి హఠాత్తుగా పక్కనే ఉండేది. మీ నాన్నగారికి ఆ జబ్బు ఉందని కాదు, అది చాలా అరుదు. కదలికని చూడటం విడిగా దెబ్బతినగలదు అని చెప్పడానికే ఇది చెప్పాను. మెదడులో వెనకవైపు, కాస్త పక్కగా ఉండే ఎం.టి. అనే చిన్న ప్రాంతానికి ఈ పనిలో పెద్ద పాత్ర ఉంది. వయసుతో అక్కడా, దానికి సమాచారం పంపే దారుల్లోనూ మార్పులొస్తాయి. అక్షరాల చార్టులో అవేవీ బయటపడవు.

సరే, ఆయన కేసుకి వద్దాం. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని నా అనుమానం: ఒకటి ఒక కంటికే ఆపరేషన్ అయినందువల్ల వచ్చిన తాత్కాలిక గొడవ, రెండోది వయసు తెచ్చిన అసలు మార్పు. మొదటిదానితో మొదలుపెడతాను, అది నయమయ్యేది.

వయసు పైబడేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు పచ్చబారుతుంది. 20 ఏళ్ల వాళ్ల కంట్లో రెటీనా (బొమ్మ పడే వెనకవైపు పొర) మీద పడే వెలుతురులో 60 ఏళ్ల వాళ్లకి దాదాపు మూడో వంతే పడుతుంది. శుక్లం ముదిరితే ఇంకా తక్కువ. మీ నాన్నగారి ఎడమ కంట్లో ఇప్పుడు ఆ పాత కటకం లేదు, నీళ్లలా స్వచ్ఛమైన కొత్త లెన్సు ఉంది. కుడి కంట్లో పాతదే ఉంది. అంటే ఆపరేషన్‌కి ముందు రెండు కళ్లూ ఇంచుమించు ఒకే మసకలో ఉండేవి, ఇప్పుడు ఒకటి వెలుగులో, ఒకటి చీకట్లో ఉన్నాయి. వెలుతురు తక్కువ అందే కన్ను మెదడుకి కబురు కొంచెం ఆలస్యంగా పంపుతుంది. సెకనులో వందో వంతు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. నిలకడగా ఉన్న వస్తువుకి ఈ ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు. అడ్డంగా కదిలే వస్తువు విషయంలో మాత్రం ఎడమ కన్ను "ఇప్పుడు ఇక్కడుంది" అంటుంటే కుడి కన్ను కాసేపటి కిందటి చోటు చూపిస్తుంటుంది. మెదడు ఆ తేడాని ఆలస్యమని అనుకోదు, దూరమని అనుకుంటుంది, ఎందుకంటే రెండు కళ్ల బొమ్మల మధ్య తేడాని బట్టే అది దూరం లెక్కగడుతుంది. ఫలితంగా కదిలే బండి ఉన్నచోట కాకుండా ముందుకో వెనక్కో జరిగినట్టు కనపడుతుంది.

దీన్ని పుల్‌ఫ్రిష్ ఎఫెక్ట్ అంటారు. జర్మనీలో యేనా నగరంలోని జైస్ కంపెనీలో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిష్ 1922లో దీన్ని వివరించాడు. విచిత్రమేమిటంటే అప్పటికే ఆయనకి ఒక కన్ను చూపు పోయింది, తన పేరున్న ఈ ఎఫెక్ట్‌ని ఆయన ఒక్కసారి కూడా చూడలేకపోయాడు. ఒక కంటికే శుక్లం ఉన్నవాళ్లలో ఇది కనిపిస్తుందని కంటి వైద్యులు రాశారు కూడా.

మాస్టారిగారితో ఈ ప్రయోగం చేయించండి, ఖర్చు లేదు. మీటరు పొడవు దారానికి ఒక నిమ్మకాయ కట్టి, గుమ్మం పైనుంచి వేలాడదీయండి. దాన్ని కచ్చితంగా ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, అడ్డంగా మాత్రమే ఊగేలా వదలండి. ముందు మీరు రెండు మీటర్ల దూరంలో నిలబడి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, ఒక కంటికి మాత్రం నల్ల కళ్లజోడు అద్దం అడ్డం పెట్టుకుని చూడండి. తిన్నగా ఊగుతున్న నిమ్మకాయ మీకు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనపడుతుంది. అద్దం రెండో కంటికి మార్చండి, తిరిగే దిక్కు మారిపోతుంది. ఇప్పుడు నాన్నగారిని నిలబెట్టండి, కంటికి ఏమీ అడ్డం పెట్టకుండా. "తిన్నగా ఊగుతోందా, గుండ్రంగానా" అని మాత్రం అడగండి, ఏం కనపడాలో ముందే చెప్పకండి. గుండ్రంగా అంటే ఆయన కళ్ల మధ్య ఆలస్యం ఉన్నట్టే, ఆ సంగతి ఆయన నోటితోనే ఆయన చెప్పినట్టు. తిన్నగానే ఉందంటే ఈ ఒక్క అనుమానం తగ్గుతుంది, అంతే, మిగతావి అలాగే ఉంటాయి, స్కూటర్ మీద నా మాటా మారదు.

ఇక్కడ మన రోడ్లకి సంబంధించిన చిక్కు ఒకటుంది. మసకగా ఉన్నది కుడి కన్ను అయితే, కుడి నుంచి ఎడమకి పోయే వస్తువులు అసలు ఉన్నదానికంటే దూరంగా కనపడతాయి, ఎడమ నుంచి కుడికి పోయేవి దగ్గరగా కనపడతాయి. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి రోడ్డు అంచున దాటడానికి నిలబడిన మనిషికి అతి దగ్గరి వరసలో బండ్లు వచ్చేది కుడి నుంచే. అంటే ఏ వరసలో పొరపాటు పడకూడదో ఆ వరసే ఆయనకి కొంచెం దూరంగా ఉన్నట్టు అనిపించే అవకాశం ఉంది. ఎంత తేడా అన్నది శుక్లం మందాన్ని బట్టి, బండి వేగాన్ని బట్టి మారుతుంది. అందుకే ఈ మధ్యకాలంలో ఆయన రోడ్డు దాటేటప్పుడు పక్కన ఎవరైనా ఉండటం మంచిది.

అయితే స్కూటర్ మీద కుడివైపు తిరుగుతూ బైకుకి అడ్డం వెళ్లిన సంఘటన ఉందే, దాన్ని పుల్‌ఫ్రిష్ ఖాతాలో వేయలేం. అక్కడ బైకు దాదాపు ఎదురుగా వస్తోంది, అడ్డంగా కాదు. అది రెండో సంగతి, వయసు తెచ్చేది, రెండో ఆపరేషన్‌తో పూర్తిగా పోనిది.

ఎదురుగా వచ్చే బండి వేగం మనకెలా తెలుస్తుందో ఒకసారి ఆలోచించండి. అది పక్కకి జరగదు. కంట్లో దాని బొమ్మ పెద్దదవుతుంది, అంతే. ఎంత గబగబా పెద్దదవుతుంటే అంత జోరుగా వస్తున్నట్టు. దూరంలో ఉన్నప్పుడు ఈ పెరుగుదల చాలా స్వల్పం, దగ్గరికొచ్చాక ఒక్కసారిగా ఉబ్బుతుంది. బైకు సన్నగా ఉంటుంది కాబట్టి కారుతో పోలిస్తే దాని బొమ్మ పెరగడం ఇంకా తక్కువ. అందుకే వయసుతో నిమిత్తం లేకుండా అందరమూ బైకు కాస్త ఆలస్యంగా వస్తుందని, లారీ త్వరగా వస్తుందని అనుకుంటాం. ఇక వయసు మీరినవాళ్లకి ఈ పెరుగుదల కనిపెట్టాలంటే అది ఇంకొంచెం ఎక్కువగా ఉండాలి, అంటే బండి ఇంకొంచెం దగ్గరికి రావాలి. "ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో" అని మీ నాన్నగారన్నది సాకు కాదు. ఆయనకి నిజంగా అలాగే కనపడి ఉంటుంది.

వేగం సరిగ్గా అందనప్పుడు మెదడు ఏం చేస్తుందంటే, దూరాన్ని పట్టుకుంటుంది. రోడ్డు దాటే వృద్ధుల మీద ఫ్రాన్స్ పరిశోధకులు 2007లో చేసిన అధ్యయనంలోనూ, ఇతర దేశాల్లోనూ తేలిందిదే: పెద్దవాళ్లు బండి ఎంత దూరంలో ఉందో చూసి నిర్ణయం తీసుకుంటారు, ఎంత జోరుగా వస్తోందో తక్కువ లెక్కలోకి తీసుకుంటారు. దీంట్లో ప్రమాదం చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఏడు మీటర్ల రోడ్డు, సెకనుకి మీటరు చొప్పున నడక, దాటడానికి 7 సెకన్లు. బండి 60 మీటర్ల దూరంలో ఉంది. అది గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వస్తే 7 సెకన్లు దాటుతుంది, బొటాబొటీగా గట్టెక్కుతారు. అదే 60 మీటర్లు, 70 కిలోమీటర్ల వేగం అయితే? 3 సెకన్లు. సగం రోడ్డు కూడా దాటరు. దూరం ఒకటే, ఆయన కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకప్పుడు ఆటోలూ, సైకిళ్లూ, ఎద్దుబండ్లూ ఉన్న రోడ్డు మీద దూరాన్ని బట్టి దాటడం పెద్ద తప్పు అయ్యేది కాదు. ఇప్పుడు అదే రోడ్డు మీద 200 సీసీ బైకులు తిరుగుతున్నాయి.

ఇంకో విషయం ఉంది, నాకు ఇది అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. వయసుతో చూపులో ప్రతిదీ తగ్గుతుందనుకుంటాం కదా. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ఒక పరీక్ష పెట్టారు: తెర మీద చారలు లిప్తపాటు కదులుతాయి, ఎటు కదిలాయో చెప్పాలి. చారల బొమ్మ పెద్దదిగా, నలుపు తెలుపు స్పష్టంగా ఉన్నప్పుడు కుర్రాళ్ల కంటే పెద్దవాళ్లే తక్కువ సమయంలో చెప్పగలిగారు! సంతోషించాల్సిన సంగతిలా ఉంది కానీ, కాదు. కుర్ర మెదడు విశాలంగా ఉన్న కదలికని కావాలనే అణిచేస్తుంది, ఎందుకంటే మనం నడుస్తుంటే, తల తిప్పుతుంటే కళ్లముందు దృశ్యమంతా కదులుతూనే ఉంటుంది, దాన్ని నొక్కిపెడితేనే అందులో విడిగా కదిలే చిన్న వస్తువు ఎత్తి చూపినట్టు కనపడుతుంది. వయసుతో ఈ నొక్కిపెట్టే పని బలహీనపడుతుంది. పెళ్లి పందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే పక్కవాడి మాట వినపడనట్టు, కదిలే గుంపులో ఒక్క కదలిక కలిసిపోతుంది. ఖాళీ హైవే మీద కంటే రైతుబజారు ముందు, బస్టాండు మలుపులో ఆయన ఎక్కువ కంగారుపడుతున్నారా? గమనించి చూడండి. అక్కడ అన్నీ కదులుతుంటాయి, ఆయన స్కూటర్ కూడా కదులుతుంటుంది, ఆ మొత్తంలోంచి ఒక సన్నటి బైకుని ఏరి పట్టుకోవాలి.

రాత్రి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో వాదించడానికేమీ లేదు. వెలుతురు తగ్గితే కదలిక ఇంకా ఆలస్యంగా అందుతుంది, మసకగా ఉన్న వస్తువు ఉన్న వేగం కంటే మెల్లగా పోతున్నట్టు కనపడుతుంది, ఎదుటి లైట్లకి చెదిరిన కన్ను సర్దుకోవడానికి పెద్దవాళ్లకి ఎక్కువసేపు పడుతుంది. దీనికి తోడు ఒకే లైటుతో వచ్చే బండి వేగం ఎవరికీ సరిగ్గా తెలియదు, రెండు లైట్లుంటే వాటి మధ్య దూరం పెరగడాన్ని బట్టి అంచనా వేస్తాం, ఒకటే ఉంటే ఆ ఆధారం లేదు. మన ఊళ్లలో ఒక లైటు పోయిన ఆటోలు, ఒక లైటుతోనే తిరిగే ట్రాక్టర్లు ఎన్నో మీకు చెప్పనక్కర్లేదు. రెండో ఆపరేషన్ అయ్యాక కూడా ఆయన రాత్రిపూట బండి తీయకపోతే మంచిది. రాత్రి డ్రైవింగ్‌కని ఆన్‌లైన్‌లో అమ్మే పసుపు అద్దాలు కొనివ్వకండి, అవి వచ్చే వెలుతురులోనే ఇంకొంత తగ్గిస్తాయి, పరీక్షించి చూస్తే ఉపయోగం కనపడలేదు.

లైసెన్సు ఉంది కదా, గవర్నమెంటే ఇచ్చింది కదా అంటారేమో ఆయన. 55 దాటాక రెన్యువల్ చేస్తే లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్ కూడా అడుగుతారు, అదంతా నిజమే. కానీ చూపు గురించి దరఖాస్తుదారుడి నుంచి తీసుకునే డిక్లరేషన్‌లో ఉన్న ప్రశ్న ఏమిటో ఆయన్నే గుర్తుచేసుకోమనండి: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని. ఆగి ఉన్న కారు! అదీ చార్టుకి తమ్ముడే. అమెరికాలో అలబామా పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవయసు డ్రైవర్లని మూడేళ్లు గమనించారు. ఒక్క చూపులో ఎంత మేర గ్రహించగలరు, మధ్యలో ఉన్నది చూస్తూ పక్కనున్నది పట్టుకోగలరా అనే పరీక్షలో 40 శాతం అంతకంటే ఎక్కువ తగ్గుదల ఉన్నవాళ్లకి యాక్సిడెంటు అయ్యే అవకాశం మిగతావాళ్లకంటే 2.2 రెట్లు ఉంది. రోడ్డు మీద ఎవరికి ప్రమాదమో చెప్పడానికి అక్షరాల చార్టు కంటే ఇలాంటి పరీక్షే పనికొస్తోంది.

ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. ఈ రకమైన చూపుకి సాధన పనిచేస్తుంది. అమెరికాలోనే 2,802 మంది పెద్దవాళ్లతో జరిగిన యాక్టివ్ అనే ప్రయోగంలో కంప్యూటర్ మీద ఇలాంటి సాధన చేసినవాళ్లకి గ్రహించే వేగం మెరుగైంది, తర్వాతి సంవత్సరాల్లో వాళ్ల తప్పు వల్ల జరిగిన యాక్సిడెంట్లు దాదాపు సగం తగ్గాయి. ఫోన్‌లో "బ్రెయిన్ గేమ్" అని పేరున్న ప్రతిదీ ఈ కోవలోకి రాదు లెండి, పజిల్స్ వేరు, ఇది వేరు.

ఇక ఆపరేషన్ అయ్యాక బండి మళ్లీ ఇవ్వాలా వద్దా? వయసు అంకె చూసి నిర్ణయించకండి. అద్దాలు వచ్చి, కొన్నాళ్లు అలవాటుపడ్డాక, ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు ఆయన్ని ముందు నడపనిచ్చి మీరో, మీవాళ్లెవరైనా ఇంకో బండి మీద వెనకే వెళ్లండి. వెనక కూర్చోవద్దు, ప్రమాదం అని మాత్రమే కాదు, వెనక కూర్చుంటే ఆయన మీకోసం జాగ్రత్తగా నడుపుతారు. ఏం చూడాలంటే: బ్రేకు ఎప్పుడూ ఆఖరి క్షణంలో పడుతోందా, స్పీడు బ్రేకర్ చూసుకోకుండా ఎక్కించేస్తున్నారా, కుడి మలుపులో అవతలి బండ్లు హారన్ కొట్టి బ్రేకు వేయాల్సి వస్తోందా, పక్క సందులోంచి వచ్చినవాణ్ని పక్కకొచ్చేదాకా గమనించట్లేదా. రెండు మూడుసార్లు ఇలాంటివి కనపడితే స్కూటర్ రోజులు అయిపోయాయనే చెప్పాలి. కనపడకపోతే పగటిపూట, ఊళ్లో, తెలిసిన దారుల్లో నడపనివ్వండి, ఒక షరతు మీద: మెయిన్ రోడ్డు మీద వచ్చే బండ్లకి అడ్డంగా కుడి మలుపు తీసుకోకూడదు. కాస్త ముందుకెళ్లి సిగ్నల్ దగ్గర తిరగాలి, లేదంటే బండి ఎడమవైపు ఆపి, దిగి, నడిపించుకుని దాటాలి. అర కిలోమీటరు ఎక్కువైనా పరవాలేదు. హెల్మెట్ అద్దం మీద గీతలుంటే మార్పించండి, గీతలు వెలుతురుని చెదరగొడతాయి.

నడిచి దాటేటప్పుడు ఒక చిట్కా, ఆయన లెక్కల మనిషి కాబట్టి నచ్చుతుంది. ఆయన రోజూ దాటే చోట నిలబడి, దూరంగా కదలని గుర్తు ఒకటి ఎంచుకోమనండి, కరెంటు స్తంభమో, గుడి ఆర్చో. ఆ గుర్తు దగ్గర నుంచి ఆయన ముందుకి రావడానికి ఆ రోడ్డు మీద అన్నిటికంటే జోరుగా వచ్చే బండ్లకి ఎన్ని సెకన్లు పడుతోందో వాచీ పెట్టి చూడమనండి. పది సెకన్లకి తగ్గితే ఇంకా దూరపు గుర్తు వెతకాలి. అలాంటి గుర్తు దొరికాక నియమం సులభం: గుర్తుకి ఇవతల ఏ బండి ఉన్నా ఆగడమే, మెల్లగా వస్తున్నట్టు అనిపించినా సరే. మెల్లగా వస్తోందన్న ఆ అంచనానే కదా ఇప్పుడు నమ్మలేనిది. అంత దూరం కనపడని మలుపు అయితే అది దాటే చోటు కాదు. డివైడర్ ఉన్నచోట రెండు విడతలుగా దాటడం ఇంకా మేలు, ఒక్కోసారి ఒక్క దిక్కే చూసుకోవాలి.

మెట్ల దగ్గర తడుముకోవడానికి కారణం చాలావరకు కళ్లజోడే అయ్యుంటుంది. మీరు రాయలేదు కానీ, బైఫోకల్ వాడుతున్నారా? కింది సగం చదవడానికి ఉండే పవరు. మెట్లు దిగుతూ కిందికి చూస్తే ఆ కింది సగంలోంచే చూస్తారు, అది పుస్తకం పట్టుకునే దూరానికి సరిపోయేది, మెట్టు అంచు మసకగా, ఉన్నచోట కాకుండా జరిగినట్టు కనపడుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీలో జరిగిన ప్రయోగం ఫలితం 2010లో వచ్చింది: బైఫోకల్, ప్రోగ్రెసివ్ (గీత లేకుండా పవరు మెల్లగా మారే అద్దాలు) వాడే పెద్దవాళ్లకి బయట తిరగడానికి దూరం చూపు అద్దాలు విడిగా ఇస్తే, బాగా బయట తిరిగేవాళ్లు పడిపోవడం 40 శాతం తగ్గింది. ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాళ్లు మాత్రం బయటికొచ్చినప్పుడు పడటం పెరిగింది, జోళ్లు మార్చుకోవడమే వాళ్లకి గందరగోళం. మీ నాన్నగారు రోజూ బయటికెళ్లే మనిషి కాబట్టి ఆయనకి విడి జోడు పనికొస్తుందనే నా అభిప్రాయం. దాంతోపాటు మెట్ల అంచుకి రంగు టేపు అతికించండి, రెండు అంగుళాల వెడల్పు, మెట్టు రంగుకి బాగా తేడాగా. మనవాళ్లు పై నుంచి కింది దాకా ఒకే రంగు గ్రానైటు వేయించి, దాన్ని అద్దంలా పాలిష్ పెట్టించి, మెట్లు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ అయిపోయాయో ఎవరికీ తెలియకుండా చేస్తారు. ఆఖరి మెట్టుకి టేపు తప్పనిసరి.

అమ్మగారి "మతి తప్పుతోంది" అన్న మాటకి వస్తే, మీరు రాసినదాంట్లో మతిమరుపు లక్షణం ఒక్కటీ లేదు. తెలిసిన దారి మర్చిపోవడం, వస్తువు కళ్లముందున్నా అదేమిటో పోల్చుకోలేకపోవడం, డబ్బు లెక్క తికమకపడటం, అడిగిందే అడగడం, ఇవి మొదలైతే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే మెదడు జబ్బుల్లో కూడా కదలిక, దూరం అంచనాలు దెబ్బతింటాయి. హఠాత్తుగా ఒకటి రెండుగా కనపడటం, ఒకవైపు చూపు తెర పడినట్టు పోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనపడటం అయితే చెకప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అమ్మగారికి ఇది చెప్పండి, కానీ ఆయన ముందు కాదు.

వచ్చే వారం చెకప్‌కి మీరు కూడా వెళ్లగలిగితే వెళ్లండి, లేదంటే ఇవి కాగితం మీద రాసి పంపండి. డాక్టరు "చూపు ఎలా ఉంది" అంటే ఆయన "బాగానే ఉంది" అంటారు, చార్టు చదువుతారు, బయటికొచ్చేస్తారు. కాబట్టి మొదటి మాటే "కదిలే బండ్ల దూరం తెలియట్లేదు, మెట్లు తెలియట్లేదు, ఆపరేషన్ అయ్యాకే ఎక్కువైంది" అని ఉండాలి, నిమ్మకాయ గుండ్రంగా తిరిగిందా లేదా అన్నది కూడా. రెండో కంటికి ఎప్పుడు చేస్తారని తేదీ అడగండి, "చూద్దాం" అంటే ఎందుకు ఆగుతున్నారో అడగండి. షుగరు ఉంటే కంట్లో చుక్కలు వేసి రెటీనా చూశారా అని అడగండి. నీటికాసుల (గ్లకోమా) కోసం కంటి ప్రెజర్‌తోపాటు ఫీల్డ్ టెస్ట్, అంటే పక్క చూపు పరీక్ష, కూడా చేయించండి. పక్క చూపు కొరుక్కుతింటూ పోయినా చార్టు మాత్రం చదివించే జబ్బు అది, పక్క నుంచి వచ్చే బండి "ఊడిపడటానికి" అదీ కారణం కావచ్చు, చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఇక ఆఖరిది లెన్సు గురించి. కళ్లజోడు బెడద లేకుండా ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి పెడతామని కొందరు డాక్టర్లు అడుగుతారు. చదువుకోవడానికి అది హాయిగానే ఉంటుంది, కానీ ఒక కన్ను స్పష్టంగా, ఒకటి మసకగా ఉంటే కూడా కబుర్ల మధ్య ఇలాంటి సమయం తేడాయే వస్తుందని, అదీ పుల్‌ఫ్రిష్ చెప్పినదానికి తలకిందులు దిక్కులో వస్తుందని 2019లో తేలింది. స్కూటర్ మళ్లీ ఎక్కాలన్న ఆశ ఉన్న మనిషికి రెండు కళ్లకీ దూరపు చూపే పెట్టించి, పేపరుకి వేరే జోడు పెట్టుకోవడం మేలు. ఈ సంగతి ఆపరేషన్ బల్ల మీద కాకుండా, లెన్సు కొలతలు తీసే రోజునే మాట్లాడుకోవాలి.